పైథాన్‌లో వంతులవారీ పోరాటం: రాండమ్ మాడ్యూల్ దొంగల మీద పగబట్టిందా?

విల్లంబు (శుక్రవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో ఒక చిన్న పోరాట ఆట రాసి సోమవారం చూపించాలి. ఊరి కాపలాదారులు ముగ్గురు: వీరన్న, సోమన్న, గంగన్న. దొంగలు ముగ్గురు: జగ్గడు, కాళుడు, మల్లడు. ఇటు ఒకరు, అటు ఒకరు వంతులవారీగా కొట్టుకుంటారు. అందరికీ ప్రాణం 30. ఒక్కో దెబ్బ 8 నుంచి 12 లోపు ఎంతైనా పడవచ్చు. సంచిలో మూలిక ఉంటే తిని 10 ప్రాణం పెంచుకోవచ్చు.

'యోధుడు' మూల క్లాసు, అంటే ఒక్కో మనిషిని తయారు చేసే అచ్చు. దాని నుంచి 'మాంత్రికుడు' క్లాసు కూడా రాశాను కానీ ప్రస్తుతం అందరినీ 'యోధుడు'గానే పెట్టి పరీక్షిస్తున్నాను. ఇక్కడ కోడు అతికిస్తే ఎడమవైపు ఖాళీలన్నీ ఎగిరిపోతున్నాయి. అవి లేని పైథాన్ కోడు ఎవరికీ అక్కరకు రాదు కాబట్టి మాటల్లోనే చెబుతాను.

రెండు పక్షాలూ అన్నింటా సమానం. అయినా వెయ్యి పోరాటాలు నడిపితే ఏడు వందలకు పైగా కాపలాదారులే గెలుస్తున్నారు. మధ్యమధ్య ఎవరిదో ఒకరి వంతు మాయమవుతోంది. సోమన్న మూలిక తింటే జగ్గడి సంచిలో లెక్క తగ్గుతోంది! దెబ్బల అంకెలను యాదృచ్ఛికంగా ఇచ్చే రాండమ్ మాడ్యూల్‌లో పక్షపాతం ఉందా? దానికి బదులు ఏదైనా వాడాలా?

నిద్రలేనివాడు (శుక్రవారం, రాత్రి 9:58)

ఆడలేక మద్దెల ఓటిదన్నట్టుంది. పైథాన్ రాండమ్ వెనుక ఉన్నది మెర్సెన్ ట్విస్టర్. ఇద్దరు జపాన్ పరిశోధకులు 1998లో ప్రచురించిన పద్ధతి అది. దాని అంకెల వరుస మళ్లీ మొదటికి రావాలంటే 19937 రెళ్లను గుణించి ఒకటి తీసేసినన్ని అడుగులు నడవాలి. పాస్‌వర్డులు తయారు చేయడానికి పనికిరాదు గానీ మీ మల్లడి దెబ్బలకు ధారాళంగా సరిపోతుంది.

కామా_చుక్క (శుక్రవారం, రాత్రి 10:05)

క్లాసుల పేర్లు, వేరియబుల్ పేర్లు నిజంగా తెలుగు లిపిలోనే రాశారా? పైథాన్ 3 నుంచి అది చెల్లుతుందని తెలుసు గానీ పని కోసం రాసినవారిని ఇప్పుడే చూస్తున్నాను.

విల్లంబు (శుక్రవారం, రాత్రి 10:11)

అవునండి, తెలుగులోనే. మొదట 'హిట్‌పాయింట్లు' అని పేరు పెడితే కనిపించని అక్షరమేదో ఉందని, యూ+200సీ అని తప్పు చూపించింది. ఎంత వెతికినా కనబడలేదు. విసుగొచ్చి 'ప్రాణం' అని మార్చేశాను, పోయింది.

కామా_చుక్క (శుక్రవారం, రాత్రి 10:19)

'ట్' కింద 'ప' ఒత్తుగా మారిపోకుండా కీబోర్డు మధ్యలో పెట్టే కనిపించని గుర్తు అది. మామూలు రాతలో అది ఉండాల్సిందే. పేర్లలో మాత్రం పైథాన్ ఒప్పుకోదు. అందుకే తెలుగులో కోడు రాసేటప్పుడు అచ్చతెలుగు మాటలు పెట్టుకుంటే ఈ బాధ తక్కువ. భాషాభిమానంతో అంటున్నది కాదు, సౌకర్యం కోసమే.

పాతకాపు (శుక్రవారం, రాత్రి 10:34)

విల్లంబు గారూ, వెయ్యి పోరాటాలను కాసేపు పక్కన పెట్టండి. వెయ్యి తప్పులు కలిసి ఒక సగటుగా కనిపిస్తే దాన్ని చూసి ఏమీ తేల్చలేరు. నాకు ఒక్క పోరాటం కావాలి, అదీ నడిపిన ప్రతిసారీ అచ్చంగా ఒకేలా జరిగేది. ప్రోగ్రామ్ మొదట్లో రాండమ్‌కు ఒక సీడ్ (అంకెల వరుస ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేలా చేసే సంఖ్య) ఇవ్వండి, 7 అనుకోండి. మూలికల సంగతి ప్రస్తుతానికి ఆపేయండి. ప్రతి దెబ్బకూ ఒక వరుస ముద్రించండి: ఎవరు, ఎవరిని, ఎంత, ఎంత మిగిలింది. అది ఇక్కడ పెట్టండి.

విల్లంబు (శుక్రవారం, రాత్రి 11:02)

సీడ్ 7 పెట్టాను. అయినా నడిపిన ప్రతిసారీ పోరాటం వేరుగా వస్తోంది. అందుకే రాండమ్ మీద అనుమానం అన్నాను కదండీ.

నిద్రలేనివాడు (శుక్రవారం, రాత్రి 11:10)

ఎదుటి పక్షం వాళ్లను ఎందులో దాస్తున్నారు? జాబితాలోనా, సెట్‌లోనా?

విల్లంబు (శుక్రవారం, రాత్రి 11:13)

సెట్‌లో. ఒకే మనిషి రెండుసార్లు చేరకూడదని. రాండమ్ సెట్ నుంచి నేరుగా ఎంచుకోనంటే దాన్ని జాబితాగా మార్చి ఇస్తున్నాను.

నిద్రలేనివాడు (శుక్రవారం, రాత్రి 11:21)

దొరికింది. సెట్‌కు వరుస అంటూ ఉండదు. మీరు రాసిన క్లాసు వస్తువులకు హాష్ విలువ (సెట్‌లో వాటి చోటును తేల్చే అంకె), మీరు వేరే ఏర్పాటు చేయకపోతే, మెమరీలో అవి ఉన్న చిరునామా నుంచి వస్తుంది. ప్రోగ్రామ్ మళ్లీ నడిపితే చిరునామా మారవచ్చు, దాంతో జాబితాలో క్రమమూ మారవచ్చు. రాండమ్ ప్రతిసారీ 'రెండోవాడిని కొట్టు' అనే చెబుతోంది పాపం. ఆ రెండోవాడు ఒకసారి కాళుడు, ఇంకోసారి మల్లడు. సెట్ తీసేసి మొదటి నుంచీ జాబితానే వాడండి.

విల్లంబు (శుక్రవారం, రాత్రి 11:47)

కుదిరింది. ఇప్పుడు ఎన్నిసార్లు నడిపినా అదే పోరాటం. మూడో రౌండు చూడండి:

వీరన్న → మల్లడు: దెబ్బ 9, మిగిలింది 2
జగ్గడు → సోమన్న: దెబ్బ 10, మిగిలింది 1
సోమన్న → జగ్గడు: దెబ్బ 10, మిగిలింది -1, జగ్గడు కూలాడు
గంగన్న → కాళుడు: దెబ్బ 8, మిగిలింది 2
మల్లడు → వీరన్న: దెబ్బ 9, మిగిలింది 1

సోమన్న తర్వాత కాళుడు రావాలి. కాళుడు బతికే ఉన్నాడు, గంగన్న చేతిలో దెబ్బ కూడా తిన్నాడు. తన వంతు మాత్రం రాలేదు.

పాతకాపు (శనివారం, ఉదయం 6:50)

అందరినీ వరుసగా పెట్టిన జాబితా మీద ఫర్ లూప్ తిప్పుతూ (అంటే ఒక్కొక్కరికీ వంతు ఇస్తూ), ఆ లూప్ లోపలే చచ్చినవాడిని అదే జాబితా నుంచి తీసేస్తున్నారు. అవునా? మీరు చెప్పకపోయినా ఈ ఐదు వరుసలు చెబుతున్నాయి.

పెళ్లి భోజనాల బంతి ఊహించుకోండి. వడ్డించేవాడు ముఖాలు చూడడు, విస్తరి నంబరు మాత్రం గుర్తుపెట్టుకుంటాడు. పైథాన్ లెక్క సున్నాతో మొదలు కాబట్టి వీరన్న 0, జగ్గడు 1, సోమన్న 2, కాళుడు 3, గంగన్న 4, మల్లడు 5. వడ్డించేవాడు 2వ విస్తరి దగ్గర ఉండగా 1లో ఉన్న జగ్గడు లేచి వెళ్లాడు. మిగిలినవాళ్లంతా ఖాళీ లేకుండా ఒక్కో స్థానం ముందుకు జరిగారు. సోమన్న 1కి, కాళుడు 2కి, గంగన్న 3కి వచ్చారు. వడ్డించేవాడు తన లెక్క ప్రకారం 3కి వెళ్లాడు. అక్కడ గంగన్న కూర్చున్నాడు. కాళుడి విస్తట్లో ఏమీ పడలేదు. ఇలాంటప్పుడు పైథాన్ తప్పని అరవదు, మౌనంగా దాటేస్తుంది.

ఇది 'మధ్యమధ్య' మాత్రమే ఎందుకు జరుగుతోందో కూడా ఇందులోనే ఉంది. కూలినవాడు అప్పటికే వంతు ముగించుకుని వెనుక ఉంటేనే తర్వాతివాడికి ఎసరు. ఇంకా వంతు రాని, ముందున్నవాడు కూలితే ఎవరికీ నష్టం లేదు. వీరన్న ఎవరిని చంపినా ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే అతడి వెనుక ఎవరూ లేరు.

చుక్కలముగ్గు (శనివారం, ఉదయం 7:30)

దానికి ఒక తోక కలుపుతాను. వరుసలో కాపలాదారు, దొంగ, కాపలాదారు, దొంగ అని ఒకటి విడిచి ఒకటి ఉన్నారు. కనుక కొట్టి చంపినవాడి తర్వాత కూర్చున్నది ఎదుటి పక్షం మనిషే. వంతు పోయేది ఎప్పుడూ చచ్చినవాడి పక్షానికే! ఒకడు పోవడమే కాక ఇంకొకడి దెబ్బ కూడా పోతుంది. పుండు మీద కారం. వరుస ఇలా కలగలుపుగా ఉన్నంత కాలం, ముందు చంపడం మొదలుపెట్టిన పక్షానికి ఈ తప్పు బహుమతులు ఇస్తూ పోతుంది.

విల్లంబు (శనివారం, ఉదయం 9:15)

అబ్బ, బంతి లెక్క చూశాక మరిక మరిచిపోను. వరుసకు నకలు తీసి లూప్‌ను ఆ నకలు మీద తిప్పాను, తీసివేతలు అసలు జాబితాలో. ఇప్పుడు ఎవరి వంతూ పోవడం లేదు. దానికి బదులు ఇది వచ్చింది:

వీరన్న → కాళుడు: దెబ్బ 11, మిగిలింది -3, కాళుడు కూలాడు
సోమన్న → మల్లడు: దెబ్బ 8, మిగిలింది 4
కాళుడు → సోమన్న: దెబ్బ 12, మిగిలింది -2, సోమన్న కూలాడు

శవం లేచి కొట్టింది.

నిద్రలేనివాడు (శనివారం, ఉదయం 9:31)

నకలులో కాళుడు ఇంకా ఉన్నాడు కదా. రౌండు మొదట్లో తీసిన ఫొటో అది, తర్వాత ఎవరు పోయినా అందులో చెరగరు. వంతు రాగానే మొదట 'బతికున్నావా' అని అడగండి, లేకపోతే దాటేయండి.

విల్లంబు (శనివారం, ఉదయం 9:52)

అడిగాను. 'బతికున్నాడా' అని ఒక మెథడ్ (క్లాసు లోపలి ఫంక్షన్) ముందే ఉంది, ప్రాణం సున్నా కంటే ఎక్కువైతే నిజం అంటుంది. లూప్‌లో 'ఇఫ్' పెట్టి అది నిజమైతేనే కొట్టమన్నాను. శవాలు ఇంకా కొడుతున్నాయి.

నిద్రలేనివాడు (శనివారం, ఉదయం 9:55)

ఇఫ్ వరుసలో మెథడ్ పేరు చివర బ్రాకెట్లు ఉన్నాయా?

విల్లంబు (శనివారం, ఉదయం 9:57)

లేవు.

నిద్రలేనివాడు (శనివారం, ఉదయం 10:04)

బ్రాకెట్లు లేకపోతే మీరు ప్రశ్న అడగలేదు, ప్రశ్నాపత్రాన్ని చూపించారంతే. మెథడ్ అనేదీ పైథాన్‌లో ఒక వస్తువే, అటువంటి వస్తువు ఇఫ్ కంటికి ఎప్పుడూ 'నిజం'. కాళుడి ప్రాణం -3 అయినా, -300 అయినా జవాబు ఒకటే.

పాతకాపు (శనివారం, ఉదయం 10:20)

దాన్ని ప్రాపర్టీగా మార్చండి. మెథడ్ పైన ప్రాపర్టీ డెకరేటర్ ఒక వరుస పెడితే చాలు, అప్పుడు బ్రాకెట్లు లేకుండా రాయడమే సరైనది అవుతుంది. మళ్లీ మరిచిపోయే అవకాశమే ఉండదు.

కామా_చుక్క (శనివారం, ఉదయం 10:41)

నేర్చుకునేవారికి అంత తొందరగా ప్రాపర్టీ చెప్పకూడదని నా ఉద్దేశం. బ్రాకెట్లు ఎక్కడ కావాలో ఎక్కడ అక్కరలేదో చేతికి అలవాటు పడాలి. ఇవాళ ఇది దాచేస్తే రేపు ఇంకో మెథడ్ దగ్గర ఇలాగే పడతారు.

పాతకాపు (శనివారం, ఉదయం 10:48)

పడనివ్వండి. గడువు సోమవారం.

విల్లంబు (శనివారం, మధ్యాహ్నం 1:10)

ప్రస్తుతానికి బ్రాకెట్లే పెట్టాను. శవాలు లేవడం లేదు. ఇక మూలికల సంగతి. క్లాసు పేరు కిందే, ఇనిట్ (మనిషి తయారైనప్పుడు నడిచే మెథడ్) పైన, 'సంచి' అని రెండు మూలికలున్న జాబితా, దాని పక్కనే 'ప్రాణం' 30 అని రాశాను. సంచి మాత్రమే అందరికీ ఒకటైపోయింది. ప్రాణం కూడా అక్కడే రాశాను కదా, జగ్గడిని కొడితే వీరన్న ప్రాణం ఎందుకు తగ్గలేదు? ఇది నాకు అసలు అంతుపట్టలేదు.

పాతకాపు (శనివారం, మధ్యాహ్నం 2:05)

ఈ దారం మొత్తంలో మంచి ప్రశ్న ఇదే.

క్లాసు ఒంట్లో రాసింది ఊరి చెరువు లాంటిది. ఇనిట్ లోపల సెల్ఫ్ (అంటే ఆ ఒక్క మనిషి) మీద రాసింది ఇంట్లో కుండ. సెల్ఫ్ ద్వారా ఏదైనా పేరు అడిగితే పైథాన్ ముందు ఇంట్లో కుండ చూస్తుంది, అక్కడ లేకపోతే చెరువుకు వెళ్తుంది.

ఇప్పుడు జగ్గడికి దెబ్బ పడింది. 'సెల్ఫ్ ప్రాణంలోంచి 10 తీసెయ్యి' అన్నారు. ఇంట్లో ప్రాణం లేదు, చెరువులో 30 ఉంది. పైథాన్ 30 చదివింది, 20 లెక్క కట్టింది. ఆ 20ని పెట్టింది మాత్రం జగ్గడి ఇంట్లో. మొదటి దెబ్బతోనే జగ్గడికి సొంత కుండ ఏర్పడింది. చెరువులో 30 అలాగే ఉంది. మీరు అనుకోకుండా బయటపడ్డారు.

సంచి విషయంలో కొత్తగా ఏదీ పెట్టలేదు. 'సంచి జాబితాలోంచి ఒకటి పాప్ చెయ్యి' అన్నారు. ఇంట్లో సంచి లేదు, చెరువులో ఉంది. ఆ జాబితాలోంచే ఒక మూలిక పోయింది. అంకెను మార్చలేం, కొత్త అంకెను పేరుకు కట్టగలం అంతే. జాబితా అలా కాదు, ఉన్నచోటే మారుతుంది. రెండింటినీ ఇనిట్ లోపలికి జరపండి.

విల్లంబు (శనివారం, మధ్యాహ్నం 3:30)

ప్రాణం లోపలికి జరిపాను, బాగుంది. సంచిని ఇనిట్ బ్రాకెట్లలో పారామీటర్‌గా పెట్టి, ఎవరూ ఏమీ ఇవ్వకపోతే రెండు మూలికల జాబితా డిఫాల్ట్‌గా తీసుకోమన్నాను. మళ్లీ అందరిదీ ఒకే సంచి!

నిద్రలేనివాడు (శనివారం, మధ్యాహ్నం 3:36)

చెరువు గట్టు దాటి బావిలో పడ్డారు. డిఫాల్ట్ విలువను పైథాన్ ఫంక్షన్‌ను నిర్వచించేటప్పుడు ఒక్కసారే తయారు చేస్తుంది, పిలిచిన ప్రతిసారీ కాదు. డిఫాల్ట్‌గా 'నన్' (అంటే 'ఏమీ లేదు' అనే విలువ) పెట్టండి. లోపల చూసి, నన్ అయితే అప్పటికప్పుడు కొత్త జాబితా చేయండి.

విల్లంబు (శనివారం, రాత్రి 8:45)

అన్నీ సరిచేశాను. సంచులు ఎవరివి వారివి. శవాలు పడుకున్నాయి. వంతులు అందరికీ వస్తున్నాయి. ఇక సందేహానికి తావు లేకుండా మూలికలు, జట్లు అన్నీ తీసేసి ఒక్క వీరన్న, ఒక్క జగ్గడు మాత్రమే ఉంచాను. అదే 30 ప్రాణం, అదే 8 నుంచి 12 దెబ్బ. దెబ్బ తప్పిపోవడం అనేదే లేదు. సీడ్ తీసేసి వెయ్యి పోరాటాలు నడిపాను. వీరన్న 761, జగ్గడు 239. మళ్లీ నడిపితే 748, 252.

ఇప్పుడైనా రాండమ్‌ను అనుమానించవచ్చా?

చుక్కలముగ్గు (శనివారం, రాత్రి 9:30)

వద్దు తమ్ముడూ. కాగితం, పెన్ను తీసుకో. ఇది కంప్యూటర్ లేకుండానే తేలిపోయే లెక్క.

ఒకరిని కూల్చడానికి ఎన్ని దెబ్బలు కావాలి? రెండు దెబ్బలకు గరిష్ఠం 24, చాలదు. నాలుగు దెబ్బలకు కనిష్ఠం 32, తప్పక చాలు. అంటే మూడు లేదా నాలుగు. మూడు దెబ్బలు పడే తీరులు 5×5×5, మొత్తం 125. మూడు దెబ్బల సగటు సరిగ్గా 30. మొత్తం 30 వచ్చే తీరులు 19. మిగిలిన 106లో సగం 30కి పైన, సగం కింద, 53 చొప్పున. కూలడానికి 30 అయినా చాలు కాబట్టి 19+53=72. మూడు దెబ్బల్లో పని ముగిసే అవకాశం 125లో 72, అంటే 0.576. నాలుగు కావాల్సి వచ్చే అవకాశం 0.424.

వీరన్న ఎప్పుడూ ముందు కొడుతున్నాడు. ఇద్దరికీ మూడు చాలినా వీరన్నదే గెలుపు, ఇద్దరికీ నాలుగు కావాల్సి వచ్చినా వీరన్నదే. వీరన్న ఓడేది ఒక్క సందర్భంలోనే: అతడికి నాలుగు కావాలి, జగ్గడికి మూడు చాలాలి. 0.424×0.576, దాదాపు 0.244. అంటే వెయ్యిలో జగ్గడికి 244, వీరన్నకు 756. నీకు వచ్చినవి 761, 748. పది పదిహేను అటూఇటూ ఊగడం సహజమే.

నీ కోడు ఇప్పుడు సరిగ్గానే ఉంది. నువ్వు రాసిన నియమమే జగ్గడికి అన్యాయం చేస్తోంది.

విల్లంబు (శనివారం, రాత్రి 9:52)

మూడుసార్లు చదివాను. 756! రెండు రోజులుగా కోడులో వెతుకుతున్నది కోడులో లేదన్నమాట. ప్రతి పోరాటానికీ ముందు టాస్ వేసి ఎవరు మొదలుపెట్టాలో తేల్చితే సరిపోతుందా?

పాతకాపు (శనివారం, రాత్రి 10:10)

సరిపోతుంది. టాస్ గెలిచినవాడికి లాభం ఉంటుంది గానీ టాస్ ఇద్దరికీ సమానం. కావాలంటే ప్రతి రౌండుకూ టాస్ వేయండి, మొదటి టాస్ ఒక్కదానికే అంత బరువు ఉండదు.

కామా_చుక్క (శనివారం, రాత్రి 10:25)

టాస్ ఎందుకు? రౌండులో ఇద్దరూ ఒకేసారి కొట్టినట్టు లెక్క వేసి, రెండు దెబ్బలూ పడ్డాకే ఎవరు కూలారో చూడండి. నాకు అదే న్యాయంగా కనిపిస్తుంది.

చుక్కలముగ్గు (శనివారం, రాత్రి 10:40)

న్యాయమే, కానీ ఇద్దరూ కలిసి చచ్చే పోరాటాలు ఎన్నో తెలుసా? ఇద్దరికీ మూడు లేదా ఇద్దరికీ నాలుగు: 0.576×0.576, 0.424×0.424 కలిపితే 0.51 దాటుతుంది. సగానికి పైగా డ్రా! చూసేవాళ్లు లేచి వెళ్లిపోతారు. దెబ్బల తేడా 8 నుంచి 12 అని ఇంత ఇరుకుగా ఉండడమే దీనికి కారణం. 2 నుంచి 18 అని పెడితే దెబ్బల సంఖ్య చెదిరి డ్రాలు తగ్గుతాయి. అది ఆట రాసేవారి ఇష్టం.

విల్లంబు (ఆదివారం, ఉదయం 11:20)

టాస్ పెట్టాను. ఇద్దరి పోరు వెయ్యిలో వీరన్న 507, జగ్గడు 493. ముగ్గురు ముగ్గురు, మూలికలతో సహా, ముందు ఏ జట్టో టాస్ వేసి నడిపితే 498, 502. చుక్కలముగ్గు గారి లెక్కను కాగితం మీద నీటుగా రాసి నివేదికకు జత చేస్తున్నాను. ఒక్క చిన్నది మిగిలింది. మాంత్రికుడికి ప్రాణం 20 మాత్రమే ఉండాలని అతడి ఇనిట్‌లో రాశాను. అయినా 30తోనే పుడుతున్నాడు.

నిద్రలేనివాడు (ఆదివారం, ఉదయం 11:28)

20 అని రాశాక, కింద సూపర్ ద్వారా యోధుడి ఇనిట్‌ను పిలుస్తున్నారు. మీరు పెట్టిన 20 మీద అది వచ్చి 30 రాసి పోతోంది. పిలుపును మొదటి వరుసకు జరపండి.

విల్లంబు (ఆదివారం, ఉదయం 11:33)

జరిపాను. 20 వచ్చింది. భోజనం చేసి వచ్చి నివేదిక మొదలుపెడతాను. ఈ దారం పేరులో రాండమ్‌ను నిందించాను, ఇప్పుడు మారుద్దామంటే మార్చే బొత్తం కనబడడం లేదు.